పది నిమిషాల నోట్‌బుక్: అంగన్‌వాడీ టీచర్ తన పనితనం పెంచుకోవడం ఎలా?

దేవరకొండ దగ్గర మా ఊరి సెంటర్‌లోనే నాకు టీచరుగా అవకాశం వచ్చింది. జాబ్ ట్రైనింగ్‌లో 26 రోజులు కూర్చుని, రెండు నోట్‌బుక్కులు నింపుకొని, చార్టులు చుట్ట చుట్టుకొని ఊరికి వచ్చాను. ఊరి పిల్లలతో పాటు పక్క తండా నుంచి ఆరుగురు వచ్చేవాళ్లు. ఊరి పిల్లలు గోలగోల చేసేవాళ్లు. తండా పిల్లలు గోడకు ఆనుకొని కూర్చుని నా మొహం చూసేవాళ్లు. ఏమడిగినా పలకరు. వీళ్లు మందకొడి పిల్లలని మనసులో ముద్ర వేసేశాను. వాళ్లింట్లో లంబాడీ మాట్లాడతారని నాకు తెలియక కాదు. నా తెలుగు వాళ్లకు అందట్లేదన్న ఆలోచనే రాలేదు. "టీచరమ్మా, నువ్వు గబగబా మాట్లాడుతుంటే వాళ్లకు సమజైతలేదు" అని మా ఆయా అన్నాక గానీ నా కళ్లు తెరుచుకోలేదు.

ఆ మాట నా రెండు నోట్‌బుక్కుల్లో ఎక్కడా లేదు. ట్రైనింగ్ వద్దని నేననను, అది కావాల్సిందే. కానీ మొదటి ట్రైనింగ్ అయ్యాక అది ఏడాదిలో నాలుగైదు రోజులే. మిగతా రోజులన్నీ మన ముందు కూర్చునే పిల్లలే మనకు పాఠం. బుద్ధి ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అంటే ఆ ఎదుగుదలలో ఎక్కువ భాగం ఇంట్లో అవ్వ ఒడిలో, మన సెంటర్ చాపల మీద జరిగిపోతోంది. అంత పెద్ద పని చేసేవాళ్లం మనం. అందుకే మన పనితనాన్ని ఏటికేడు పెంచుకోవాలి. నేను టీచరుగా చేసి, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా సెంటర్లు తిరుగుతూ చూసినదాంట్లో నిజంగా పనికొచ్చింది ఏమిటో వరుసగా చెబుతాను.

1. ఒక్క విషయం పట్టుకోండి

జూన్‌లో కొత్త పిల్లలు వచ్చేటప్పుడు ఒక కొత్త నోట్‌బుక్ కొనుక్కోండి. రికార్డులకు కాదు, ఇది మీ సొంతం. ఎవరికీ చూపించక్కర్లేదు. మొదటి పేజీలో "ఈ మూడు నెలలు నేను నేర్చుకునేది" అని రాసి దాని కింద ఒకే వాక్యం రాయండి. "పిల్లలతో ఎక్కువ మాట్లాడించడం" కావచ్చు, "తప్పు లేకుండా ఎత్తు కొలవడం" కావచ్చు. పది రాస్తే ఒక్కటీ కాదు. మూడు నెలలకు ఒకటి చొప్పున ఏడాదికి నాలుగు చాలు.

2. రోజుకు పది నిమిషాలు, ఒకే బిడ్డ

అన్నిటిలోకీ నాకు ఎక్కువ నేర్పిన అలవాటు ఇదే.

పిల్లలు ఆడుకునే సమయంలో ఆయాకు చెప్పి పక్కన కూర్చోండి. ఒక్క బిడ్డను పది నిమిషాలు చూడండి. సాయం చేయొద్దు, సరిదిద్దొద్దు. చూసింది చూసినట్టు రాయండి. "మంచిది, చురుకైనది, అల్లరివాడు" లాంటి మాటలు ఒక్కటి కూడా రాయొద్దు. చేతులు ఏం చేశాయి, కళ్లు ఎటు చూశాయి, నోటి నుంచి ఏ మాట వచ్చింది అన్నవే రాయండి.

ఒక నాలుగేళ్ల బాబు గురించి నేను ముందు రాసుకున్నది: "సరిగా కూర్చోడు. చెప్పిన మాట వినడు." మరుసటి వారం పది నిమిషాలు కూర్చుని చూసి రాసింది ఇది: "చాటలో చింతగింజలు పోసి రెండు మూతలు పెట్టాను. పెద్ద గింజలు ఎర్ర మూతలో, చిన్నవి నీలం మూతలో వేశాడు. ఒక పగిలిన గింజ దొరికింది. దాన్ని పట్టుకొని వాకిట్లోకి పోయి ఎండలో చూశాడు. తిరిగొచ్చి ఏ మూతలోనూ వేయలేదు. నేల మీద విడిగా పెట్టి, 'దీనికి దెబ్బ తాకింది' అన్నాడు. దాని మీద చేయి పెట్టి కూర్చున్నాడు."

ఈ రెండు రాతలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రాతతో నేను ఏమీ చేయలేను, కసరడం తప్ప. రెండో రాతలో ఎంత ఉంది! సైజును బట్టి వేరు చేయడం వచ్చు. రెండిట్లోనూ ఇమడని దానికి మూడో చోటు తనే సృష్టించాడు. దెబ్బ తగిలినదాని మీద జాలి ఉంది. మధ్యలో లేచి పోయింది మాట వినక కాదు, వెలుతురు కోసం. మరుసటి రోజు అతనికి సీతాఫలం గింజలు, చింతగింజలు, మక్క గింజలు కలిపి ఇచ్చి, మూతలు ఎన్ని కావాలో అతన్నే అడిగాను. అరగంట కదల్లేదు.

ఒక జాగ్రత్త. గింజలతో పని మూడేళ్లు దాటిన పిల్లలకే, అదీ మనం పక్కన ఉన్నప్పుడే. అంతకంటే చిన్నపిల్లల నోటికి, ముక్కుకు అందేలా ఏ గింజా ఉంచొద్దు. అన్నీ లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి.

వారానికి ముగ్గురు పిల్లల చొప్పున చూసినా రెండు నెలల్లో సెంటర్ మొత్తం చుట్టేయొచ్చు. మన కళ్లు దాటిపోయే పిల్లలు ఎవరో అప్పుడు తెలుస్తుంది. నెమ్మదిగా, బుద్ధిగా ఉండే పిల్లలే ఎక్కువగా దాటిపోతారు.

3. మీ గొంతు మీరే వినండి

ఒక రోజు మీ ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, అల్మారా మీద పెట్టి, అరగంట మామూలుగా పని చేసుకోండి. రాత్రి ఒక్కరే కూర్చుని వినండి. విన్నాక తీసేయండి. ఇందులో పిల్లల గొంతులు కూడా ఉంటాయి కాబట్టి అది ఎవరికీ పంపొద్దు, ఏ గ్రూపులోనూ పెట్టొద్దు.

మొదటిసారి విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. "కూర్చో", "నోర్ముయ్", "అటు పోకు" అన్నవి ఎన్నిసార్లో లెక్కపెట్టలేక ఆపేశాను. ప్రశ్నలు లేకపోలేదు. కానీ అన్నీ "ఇదేం రంగు?", "ఇది ఎన్ని?" లాంటివే. ఒక్క మాటతో అయిపోయేవి. అది కూడా బిడ్డ నోరు తెరిచేలోపు నేనే జవాబు చెప్పేస్తున్నాను.

అప్పటి నుంచి రెండు మార్పులు చేసుకున్నాను. ప్రశ్న అడిగాక మనసులో ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెట్టి ఆగడం మొదటిది. ఆ ఐదు అంకెలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, టెన్షన్ వస్తుంది. అయినా ఆగాలి. చిన్నపిల్లలకు మాట వెతుక్కోవడానికి మనకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఇక రెండోది, రోజుకు కనీసం రెండు ప్రశ్నలైనా "ఎందుకు, ఎట్లా, ఏమైతది" అన్న రకంవి అడగడం. గుడ్డు ఉడికించే ముందు "ఇది నీళ్లలో వేస్తే ఏమైతది?" అంటే చాలు, అందరూ ఒకేసారి మాట్లాడతారు. మధ్యాహ్నం భోజనం, చేతులు కడగడం, చెప్పులు వరుసలో పెట్టడం కూడా పాఠాలే. వాటికి వేరే టైం టేబుల్ అక్కర్లేదు.

మూడు నెలల తర్వాత మళ్లీ రికార్డు చేసి వినండి. తేడా మీకే తెలుస్తుంది.

4. ఇంటి భాషకు చోటివ్వండి

తండా పిల్లలు, వలస వచ్చిన ఇటుక బట్టీల కూలీల పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు మన జిల్లాల్లో చాలా సెంటర్లలో ఉంటారు. ఆ భాష పూర్తిగా రావాల్సిన పనిలేదు. ఇరవై మాటలు నేర్చుకోండి, ముందు బతుకుకు అవసరమైనవి. లంబాడీలో అమ్మను యాడి అంటారు, నీళ్లు పాణి, రొట్టె బాటి. నేను నేర్చుకున్న మొదటి మాటలు ఇవే, నేర్పింది పిల్లలే. తప్పుగా పలికితే పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వుతోనే గోడ వదిలి ముందుకొచ్చారు.

ముందు వాళ్ల మాటలో చెప్పి, తర్వాత తెలుగులో చెప్పండి. రెండు భాషలు వినడం వల్ల బిడ్డకు మాట ఆలస్యమవుతుందన్న భయం పెట్టుకోకండి, తల్లిదండ్రులకూ పెట్టకండి. అయితే రెండేళ్లు నిండిన బిడ్డ ఏ భాషలోనూ రెండు మాటలు కలిపి చెప్పకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే దాన్ని భాష మీదికి నెట్టేయకండి. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్‌కు చెప్పండి. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే టీం సెంటర్‌కు వచ్చినప్పుడు మీ నోట్‌బుక్ తీసి, ఏం చూశారో చదివి వినిపించండి. డాక్టర్‌కు "వీడు కొంచెం స్లో" అన్న మాటకంటే "వెనక నుంచి పళ్లెం మోగించినా తిరగలేదు" అన్న మాట ఎన్నో రెట్లు పనికొస్తుంది.

5. కొలవడం కూడా విద్యే

తూకం, ఎత్తు అంటే యాప్‌లో నింపే పని అనుకుంటాం. పోషణ్ ట్రాకర్ అనే ఆ యాప్ వచ్చాక ఆ తొందర ఇంకా పెరిగింది. కానీ అంకె తప్పయితే తక్కువ బరువున్న బిడ్డ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, సాయం అందదు. కాబట్టి ఒక మూడు నెలలు దీనికే కేటాయించండి.

తూకం వేసే ముందు ముల్లు, లేదా అంకె, సున్నా మీద ఉందో లేదో చూడండి. స్వెటర్, చెప్పులు, కాళ్ల కడియాలు తీయించండి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలవాలి, రెండేళ్లు దాటితే నిలబెట్టి ఎత్తు కొలవాలి. ఒకే బిడ్డకు ఈ రెండింటికీ దాదాపు 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఒక నెల అలా, ఒక నెల ఇలా కొలిస్తే బిడ్డ తగ్గిందో పెరిగిందో ఎవరికీ అర్థం కాదు. చేయి చుట్టుకొలత టేపును ఎడమ చేతికి, భుజానికి మోచేతికి సరిగ్గా మధ్యలో, చేయి వదులుగా వేలాడుతుండగా చుట్టండి. గట్టిగా బిగించొద్దు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు 11.5 సెంటీమీటర్లకంటే తక్కువ వస్తే ఎర్ర రంగు, అంటే తీవ్ర పోషకాహార లోపం. 11.5 నుంచి 12.5 లోపు పసుపు. రెండు పాదాలూ ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడితే టేపు ఏం చూపించినా ఆ రోజే ఆస్పత్రికి పంపాలి.

మీరూ, ఆయా ఒకే బిడ్డను విడివిడిగా కొలిచి అంకెలు పోల్చుకోండి. తేడా వస్తే మూడోసారి కొలవండి. నెలకు ఇద్దరు పిల్లలతో ఇలా చేస్తే చేయి కుదురుతుంది.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పనిచేసే వాళ్లకు ఇంకో మాట. ఫ్లోరైడ్‌తో మన పెద్దల ఎముకలు ఎలా వంగిపోయాయో చూసి పెరిగినవాళ్లం. తాగడానికి, వండడానికి మిషన్ భగీరథ నీళ్లే వాడండి. పైపులో నీళ్లు రాని రోజు బోరు నీళ్లు కాచి వాడదాం అనుకోవద్దు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఒక డ్రమ్ము నిండా నిల్వ పెట్టుకోండి.

6. ఆయాను పక్కన కూర్చోబెట్టుకోండి

పిల్లల ముక్కు తుడిచేది, ఏడుస్తుంటే ఎత్తుకునేది, ఇంటి దగ్గర ఏం గొడవ జరిగిందో తెలిసినది ఆయా. ట్రైనింగులకు పోయేది మాత్రం ఎక్కువగా మనమే. మీరు ట్రైనింగ్ నుంచి తిరిగొచ్చిన మరుసటి రోజు, పిల్లలు పోయాక ఒక ఇరవై నిమిషాలు నేర్చుకున్నది ఆమెకు చెప్పండి. చదివి కాదు, చేసి చూపించండి. ఇద్దరికీ ఒకటే పద్ధతి లేకపోతే బిడ్డ నలిగిపోతుంది. మీరు బుజ్జగిస్తే ఆమె కసిరినా, ఆమె బుజ్జగిస్తే మీరు కసిరినా అంతే. ఆమె వయసులో పెద్దదైతే "అక్కా, మీరైతే ఏం చేస్తరు?" అని ముందు అడగండి. నాకు తండా పిల్లల సంగతి చెప్పింది మా ఆయానే కదా.

7. ట్రైనింగ్‌కు ప్రశ్నతో పోండి

2023లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం "పోషణ్ భీ పఢాయీ భీ" కింద మనకు ట్రైనింగులు నడుస్తున్నాయి. మూడేళ్లలోపు పిల్లలకు నవచేతన, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ఆధారశిల అన్న రెండు పాఠ్య ప్రణాళికలు 2024లో వచ్చాయి. నవచేతనలో 36 నెలలకు నెలవారీగా ఏ ఆటలు ఆడించాలో ఉంటుంది, ఆధారశిలలో 48 వారాలకు వారం వారం ప్రణాళిక ఉంటుంది. చూస్తే భారీగా అనిపిస్తుంది. మొత్తం చదవాలని కూర్చోకండి. మీ సెంటర్‌లో ఉన్న ఒక బిడ్డ వయసు తీసుకొని ఆ నెల పేజీ ఒక్కటి చదివి, మరుసటి రోజు ఆ బిడ్డతో ఆడండి.

ట్రైనింగ్‌కు పోయే ముందు మీ నోట్‌బుక్ తిరగేసి ఒక ప్రశ్న రాసుకోండి. "నా సెంటర్‌లో ఒక పాప రోజూ తోటి పిల్లలను కొరుకుతోంది, ఏం చేయాలి?" లాంటి సొంత ప్రశ్న అయి ఉండాలి. టీ విరామంలోనైనా సరే, శిక్షకురాలిని పట్టుకొని అడగండి. తిరిగొచ్చాక వారం లోపు ఒక్కటైనా చేసి చూడండి. వారం దాటితే ఫైల్ అల్మారాలోకి పోతుంది, మళ్లీ రాదు.

8. ఒక తోటి టీచర్‌ను జత చేసుకోండి

చుట్టుపక్కల సెంటర్ల టీచర్లంతా కలిసే సెక్టార్ మీటింగ్‌లో రిపోర్టులు, లెక్కలు అయ్యేసరికే పొద్దు గూకుతుంది. పనిలో మెళకువల గురించి మాట్లాడే తీరిక ఉండదు. అందుకే మీకు దగ్గర్లో ఉన్న ఒక టీచర్‌తో మాట్లాడుకొని, సూపర్‌వైజర్‌కు చెప్పి రెండు నెలలకోసారి ఒకరి సెంటర్‌కు ఒకరు గంటసేపు పోయి కూర్చోండి. తప్పులు వెతకడానికి కాదు. పోయే ముందే "నేను కథ చెప్పేటప్పుడు పిల్లలు ఎప్పుడు పక్కకు చూస్తున్నారో గమనించు అక్కా" అని ఒక పని అప్పజెప్పండి. ఆమె అదొక్కటే చూసి చెబుతుంది. పిల్లలు పక్కకు చూసేది మీరు పుస్తకం మీ వైపు తిప్పుకున్నప్పుడని తేలవచ్చు. ఇలాంటివి మనకు మనం చూసుకోలేం.

9. ఇంటి దగ్గర చూసుకునే అవ్వకు నేర్పడం నేర్చుకోండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నాకు మాత్రం దీని మీద చాలా పట్టింపు.

పాలమూరు వైపు, మక్తల్, మద్దూరు ఊళ్లలో, మా దేవరకొండ తండాల్లో కూడా తల్లిదండ్రులు ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోతారు. బిడ్డను పెంచేది అవ్వ, తాత. మన మీటింగులన్నీ "తల్లుల సమావేశం" అని పెడతాం. తల్లి ఊర్లోనే లేదు. కాబట్టి మీ రిజిస్టర్‌లో ప్రతి బిడ్డ పేరు పక్కన "ఇంట్లో ఎవరు చూసుకుంటారు" అని పెన్సిల్‌తో రాసుకోండి. పెన్సిల్ ఎందుకంటే పండుగకు పండుగకు అది మారుతుంది.

పెద్దావిడకు ఉపన్యాసం ఇస్తే తల ఊపి వెళ్లిపోతుంది. ఆమె ఐదుగురిని పెంచింది, మనకు చెప్పగలదు కూడా. చిన్నపిల్లలకు సెంటర్‌లో ఇచ్చే పోషకాహార పొడి, బాలామృతం ప్యాకెట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. ముందు అడగండి: "మీ కాలంలో చిన్నపిల్లలతో ఏం ఆడేటోళ్లు అవ్వా?" ఆమె ఏ ఆట చెప్పినా ఆమె ఒళ్లో ఉన్న బిడ్డతోనే ఆడించండి. ఆ బిడ్డ నవ్వగానే "చూడు అవ్వా, నువ్వు ఆగినప్పుడు నీ నోటి వైపే చూస్తోంది. ఇంకో మాట కోసం ఎదురు చూస్తోంది" అని చూపించండి. అంతే. ఆమెకు వచ్చినదాన్నే మనం పేరు పెట్టి గట్టి చేస్తున్నాం. మరుసటి నెల ఒక్క కొత్త విషయం కలపండి. బాలామృతం పల్చగా నీళ్లలా కాకుండా, చెంచా వంచినా జారిపోనంత చిక్కగా కలిపి తినిపించడం, ఫోన్ చేతికివ్వకుండా గిన్నె, చెంచా ఇవ్వడం లాంటివి. ఒక నెలకు ఒకటే.

ముంబైలో ఉన్న తల్లికి అవ్వ ఫోన్ కలిపినప్పుడు బిడ్డతో రెండు నిమిషాలు మాట్లాడమని, ఈ రోజు ఏం తిన్నావు, ఎవరితో ఆడావు అని అడగమని చెప్పించండి. బిడ్డ గీసిన గీతల కాగితం ఇంటికి పంపండి. ఫోన్‌లో చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

10. చదువు, కాగితాలు

2020 విద్యా విధానం ప్రకారం ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివిన వాళ్లకు ఏడాది డిప్లొమా అని ఉంది. మీ ప్రాజెక్టులో ఆ శిక్షణ ఎప్పుడు వస్తుందో సీడీపీఓ (ప్రాజెక్టు అధికారి) ఆఫీసులో అడుగుతూ ఉండండి. ఈలోపు పది ఆగిపోయినా, ఇంటర్ ఆగిపోయినా తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పూర్తి చేయండి. ఇంటర్ అయినవాళ్లు దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద ఏడాది డిప్లొమా చేయొచ్చు. కట్టే ముందు ఫీజు, స్టడీ సెంటర్ ఎంత దూరం, పరీక్ష ఏ భాషలో రాయొచ్చు అన్న మూడూ కనుక్కోండి. ఎవరో ఏజెంటు చెప్పాడని, ఒక్క నెలలో సర్టిఫికెట్ అన్నాడని డబ్బు కట్టొద్దు. ప్రభుత్వ దీక్షా యాప్‌లో వీడియోలు ఉచితం. ఒక్కరే చూడకుండా ఆయాతో కలిసి చూడండి.

ఒక ప్లాస్టిక్ ఫైల్ కొనండి. పది, ఇంటర్ మెమోలు, అపాయింట్‌మెంట్ ఆర్డర్, ప్రతి ట్రైనింగ్ సర్టిఫికెట్, హాజరు పత్రం అందులో పెట్టండి. ప్రతిదానికీ రెండు జిరాక్సులు తీయించి, ఫోన్‌లో ఫొటో కూడా తీసి ఉంచండి. సూపర్‌వైజర్ పోస్టులకు నోటిఫికేషన్ పడినప్పుడు గడువు తక్కువ ఉంటుంది, సర్వీసు చూపించే కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే టైం ఉండదు. నాకు ఆ రోజు ఒక పాత ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. ఇల్లంతా వెతికితే చివరికి బియ్యం డబ్బా అడుగున, పాత చార్టు చుట్టలో దొరికింది. సగం చెదలు తినేసింది. డూప్లికేట్ కోసం మూడుసార్లు నల్లగొండ తిరిగాను.